తలకి దెబ్బ తగిలింది, స్కాన్ నార్మల్ అన్నారు, మరి ఇంకా తలనొప్పి ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

కాలువ గట్టు మీద బండి జారినా, కబడ్డీలో ఎదుటివాడి మోకాలు తగిలినా, కొబ్బరి దింపు జరుగుతుంటే చెట్టు కింద నిలబడి నెత్తిన కాయ పడినా, మన గోదావరి జిల్లాల్లో పిల్లాడిని ఆసుపత్రికి తేగానే ఇంట్లోవాళ్ళు అనే మొదటి మాట "ముందు స్కాన్ తీయండి" అని. తీశాక నాలుగు రోజులకి వచ్చి అడిగే మాట "ఏం లేదన్నారు కదండీ, ఇంకా తల నొప్పంటాడేంటి" అని. ఈ రెండు మాటల మధ్య తెలుసుకోవాల్సింది చాలా ఉంది, ఆసుపత్రి హడావుడిలో అది ఎవరూ కూర్చుని చెప్పరు, అందుకే రాస్తున్నాను. ఇవన్నీ ఐదేళ్ళ నుంచి పాతికేళ్ళ లోపు వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసినవి. రెండేళ్ళ లోపు చంటిపిల్లలైతే ఇది చదువుతూ కూర్చోకండి, డాక్టరుకి చూపించండి.

ఏం కనిపిస్తే వెంటనే పరిగెత్తాలి?

మళ్ళీ మళ్ళీ వాంతులు, తగ్గకుండా పెరుగుతూ పోయే తలనొప్పి, ఫిట్స్, లేపినా సరిగా లేవని మగత, మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, ఒక పక్క చెయ్యో కాలో బలం తగ్గడం, ఒక కంటిపాప పెద్దదిగా ఒకటి చిన్నదిగా ఉండటం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారడం. ఇందులో ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దాం అనకండి.

ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దెబ్బ తగిలి కాసేపు స్పృహ తప్పి, లేచి, బాగానే మాట్లాడి, అన్నం కూడా తిని, కొన్ని గంటల తర్వాత మెల్లగా మగతలోకి జారిపోయే పిల్లలు కొద్దిమంది ఉంటారు. కణత దగ్గర ఎముక చిట్లి, దాని లోపలి రక్తనాళం తెగి, ఎముకకీ మెదడు పై పొరకీ మధ్య రక్తం చేరుతుంటే ఇలా అవుతుంది. వేళకి ఆపరేషన్ జరిగితే ఈ పిల్లలు మామూలుగా ఇంటికి వెళ్ళిపోతారు. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. అందుకే మొదటి రోజు కాపలా అంత ముఖ్యం. లంక ఊళ్ళవాళ్ళు, రాత్రి పంటు ఆగిపోతే ఏరు దాటడం కష్టమయ్యే చోట ఉన్నవాళ్ళు, ఏ మాత్రం అనుమానం ఉన్నా చీకటి పడకముందే ఇవతల ఒడ్డున చుట్టాల ఇంటికి వచ్చి ఉండండి.

ఇంకో మాట, కుర్రాడు మందు తాగి ఉంటే "తాగిన మత్తులే, పడుకుంటే దిగుతుంది" అని వదిలేస్తారు. తాగినవాడి మగతా, లోపల రక్తం కారుతున్నవాడి మగతా పైకి ఒకేలా ఉంటాయి. తాగి ఉన్నాడంటే ఇంకా జాగ్రత్తగా చూడాలన్నమాట.

"స్వల్ప గాయం" అని దేన్ని బట్టి అంటారు?

స్కాన్‌ని బట్టి కాదు, ఇది చాలామందికి తెలియదు. కళ్ళు తెరుస్తున్నాడా, ఎలా మాట్లాడుతున్నాడు, చెప్పినట్టు చేతులు కదుపుతున్నాడా అని చూసి 15కి మార్కులు వేస్తారు, దాన్ని గ్లాస్గో కోమా స్కేల్ అంటారు. 13 నుంచి 15 వస్తే, స్పృహ తప్పినా అరగంట లోపే తిరిగి వస్తే, జరిగింది గుర్తులేకపోవడం 24 గంటలు దాటకపోతే అది స్వల్ప గాయం. అసలు స్పృహ తప్పకుండా కూడా మెదడు అదరొచ్చు, నిజానికి ఎక్కువమందికి తప్పదు. "పడిపోలేదు కదా, ఏం కాదులే" అనుకోవడం అందుకే పొరపాటు.

అడిగినా స్కాన్ తీయలేదండి. నిర్లక్ష్యం చేశారేమో?

చాలాసార్లు అది నిర్లక్ష్యం కాదు, సరైన వైద్యం. ఉత్తర అమెరికాలో 25 ఎమర్జెన్సీ విభాగాల్లో 42 వేల మందికి పైగా పిల్లల్ని గమనించి 2009లో కొన్ని గుర్తులు తేల్చారు. దాన్ని పీకార్న్ పద్ధతి అంటారు. రెండేళ్ళు దాటిన పిల్లాడు మామూలుగా మెలకువగా ఉండి, స్పృహ తప్పకుండా, వాంతి కాకుండా, తీవ్రమైన తలనొప్పి లేకుండా, పుర్రె అడుగు ఎముక విరిగిన గుర్తులు లేకుండా, దెబ్బ తగిలిన తీరు కూడా ప్రమాదకరంగా లేకపోతే, లోపల పెద్ద గాయం ఉండే అవకాశం రెండు వేల మందిలో ఒకరి కంటే తక్కువ. అలాంటి పిల్లాడికి సీటీ స్కాన్ అక్కర్లేదు. ఒకటో అరో గుర్తు ఉంటే నాలుగైదు గంటలు దగ్గర పెట్టుకుని చూస్తారు, అదీ వైద్యమే.

సీటీకి రేడియేషన్ ఉంటుంది. ఒక తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్లు. నేల నుంచీ ఆకాశం నుంచీ మనిషికి ఏటా సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4, కాబట్టి ఒక్క స్కాన్‌కి బెంబేలెత్తక్కర్లేదు. కానీ పదేళ్ళ లోపు పిల్లల్లో తల సీటీ తీసిన ప్రతి పదివేలకీ తర్వాతి పదేళ్ళలో ఒక బ్లడ్ క్యాన్సరు, ఒక మెదడు గడ్డ అదనంగా రావచ్చని బ్రిటన్‌లో 2012లో లెక్కగట్టారు. అవసరమైతే ఒక్క క్షణం ఆలోచించకుండా తీయించండి. మన మనశ్శాంతి కోసం మాత్రం తీయించకండి, ఇంటికెళ్ళాక "మళ్ళీ ఒకసారి చూపిద్దాం" అని ఇంకో సెంటర్‌కి అసలు వెళ్ళకండి.

బండి మీంచి పడ్డాడని చెబితే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు కాగితం) రాస్తారు, పోలీసు గొడవ. మెట్ల మీంచి జారాడని చెబితే ఏమవుతుంది?

దయచేసి ఆ పని చేయకండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

పైన "దెబ్బ తగిలిన తీరు" అన్నాను కదా. హెల్మెట్ లేకుండా బండి మీంచి ఎగిరిపడటం, నడిచిపోతుంటే కారు గుద్దడం, ఐదడుగుల కంటే ఎత్తు నుంచి పడటం, ఇవి డాక్టరు లెక్కలో ఒక రకం. రెండు మెట్లు జారడం ఇంకో రకం. మీరు మాట మారిస్తే డాక్టరు లెక్క మారిపోతుంది, తీయాల్సిన స్కాన్ తీయకుండా ఇంటికి పంపించవచ్చు. ముఖ్యంగా పదో తరగతి, ఇంటర్ పిల్లలు బండి నడిపినప్పుడు ఇది జరుగుతుంది. మైనరుకి బండి ఇస్తే పెద్దవాళ్ళకి 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అని 2019 నుంచి చట్టంలో ఉంది, ఆ భయంతో దాస్తారు. భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ క్షణంలో ఎదురుగా ఉన్న పిల్లాడికి కావాల్సింది నిజం. ఎమ్మెల్సీ అంటే ఆసుపత్రి రాయాల్సిన కాగితం, కేసు పెట్టి లోపలేయడం కాదు. పైగా రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది, దానికైనా ప్రమాదం నమోదవ్వాలి.

స్కాన్ పూర్తిగా నార్మల్. మరి పిల్లాడు తల నొప్పి, కళ్ళు తిరగడం, వెలుతురు పడట్లేదు అంటున్నాడు. నాటకమా?

నాటకం కాదు. సీటీ చూసేది ఎముక విరిగిందా, రక్తం చేరిందా, మెదడు పక్కకి నెట్టుకుపోయిందా అని. ఇప్పటికిప్పుడు సర్జన్ అవసరమా అన్న ఒక్క ప్రశ్నకి అది జవాబు చెబుతుంది, ఆ పని బ్రహ్మాండంగా చేస్తుంది. మెదడు అదిరినప్పుడు జరిగేది వేరు. నరాల పోగులు సాగుతాయి, నరాల కణాల లోపలా బయటా ఉండాల్సిన పొటాషియం, కాల్షియం తారుమారవుతాయి, వాటిని సర్దుకోవడానికి మెదడుకి మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే అందాల్సిన రక్తం కాస్త తగ్గుతుంది. ఇదేదీ ఫిల్ములో పడదు. కాలువకి గండి పడిందా లేదా అన్నది గట్టు మీద నిలబడితే తెలుస్తుంది కానీ, శివారు చేనుకి నీరు అందుతోందా లేదా అన్నది చేలోకి దిగితేనే తెలుస్తుంది, సీటీ చేసేది గట్టు మీంచి చూడటం.

కాబట్టి స్కాన్ నార్మల్ అంటే ప్రాణానికి భయం లేదని అర్థం. పిల్లాడికి ఏమీ కాలేదని అర్థం కాదు. తల్లిదండ్రులూ, మేష్టార్లూ ఈ తేడా పట్టుకుంటే సగం బాధ తగ్గుతుంది, ఎందుకంటే చాలామంది పిల్లలు నొప్పి కంటే "అబద్ధం చెబుతున్నావు" అన్న మాటకే ఎక్కువ నలిగిపోతారు.

రిపోర్టులో "హెమటోమా" అని ఉంది. గూగుల్‌లో చూస్తే రక్తం గడ్డ అని వచ్చింది. చేతులు వణుకుతున్నాయి.

దాని ముందు ఏ మాట ఉందో చూడండి. "స్కాల్ప్ హెమటోమా", "సబ్‌గేలియల్ హెమటోమా" అని ఉంటే అది పుర్రెకి బయట, చర్మం కింద చేరిన రక్తం. మన భాషలో బొప్పి. చేత్తో తడిమితే మీకే తెలుస్తుంది. పెద్ద పిల్లల్లో కొన్ని రోజుల్లో తనే కరిగిపోతుంది, నుదుటి మీద బొప్పైతే కిందికి దిగి కన్ను నల్లబడినట్టు కనిపించవచ్చు. ఒకటే పేరు రెండు చోట్ల వాడటం వల్ల ఎన్ని ఇళ్ళలో ఆ రాత్రి నిద్ర ఉండదో. "ఎక్స్‌ట్రాడ్యూరల్" లేక "ఎపిడ్యూరల్", "సబ్‌డ్యూరల్" అని ఉంటే అది పుర్రె లోపలి రక్తం, అప్పుడు న్యూరో సర్జన్ మాట వినాలి.

మిగిలినవి కూడా చెబుతాను. "మ్యూకోసల్ థికెనింగ్" అంటే ముక్కు పక్క సైనస్ గదుల్లో పొర వాచింది, జలుబు బాపతు, దెబ్బకి సంబంధం లేదు. "కేవమ్ సెప్టమ్ పెల్లూసిడమ్" పుట్టుకతో కొందరికి ఉండే చిన్న ఖాళీ. "ఎరాక్నాయిడ్ సిస్ట్" కూడా ఎక్కువగా పుట్టుకతో వచ్చే నీటి సంచి, చాలామందిలో జీవితాంతం ఏమీ చేయదు, కాకపోతే పెద్దదైతే దాని చుట్టూ రక్తం చేరే అవకాశం కొంచెం ఎక్కువ కాబట్టి కబడ్డీ, కుస్తీ లాంటివి ఆడే ముందు ఒకసారి న్యూరో డాక్టరుని అడగండి. "కాల్సిఫైడ్ గ్రాన్యులోమా" ఎప్పుడో వచ్చి మానిపోయిన ఇన్‌ఫెక్షన్ మచ్చ, మన దేశంలో తరచుగా కనిపిస్తుంది, దాన్ని డాక్టరుకి చూపించాలి కానీ నిన్నటి దెబ్బ వల్ల వచ్చింది కాదు. ఇవన్నీ దెబ్బ పుణ్యమా అని బయటపడ్డ పాత సంగతులు.

చివర్లో "క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్" అని ఉంటుంది. దాన్ని చూసి ఏదో దాచారని కంగారుపడతారు. దాని అర్థం "నేను ఫిల్ము చూసి రాశాను, మనిషిని చూసిన డాక్టరు తేల్చాలి" అని, అంతే.

మా అమ్మాయికి మాత్రం నిజంగానే చిన్న రక్తస్రావం ఉందన్నారు, ఆపరేషన్ వద్దన్నారు. వద్దంటే ఎలా నమ్మాలి?

మనిషి స్వల్ప గాయం లెక్కలో ఉండి, సీటీలో ఏదో కనిపిస్తే దాన్ని డాక్టర్లు కాంప్లికేటెడ్ మైల్డ్ అంటారు. సన్నటి పగులు, మెదడు పైన చిన్న కమిలిన మచ్చ, పొరల మధ్య పలచటి రక్తం, వీటిలో చాలావాటికి కత్తి అక్కర్లేదు. ఆ రక్తాన్ని శరీరం తనే పీల్చుకుంటుంది. పక్కకి జరగని పగులు కొన్ని నెలల్లో అతుక్కుంటుంది, పుర్రెకి కట్టు కట్టేదేం ఉండదు. ఆసుపత్రిలో ఒకటి రెండు రోజులు ఉంచి గంటగంటకీ కంటిపాపలు, మెలకువ చూస్తారు, మనిషిలో మార్పు కనిపిస్తే మళ్ళీ స్కాన్ తీస్తారు. వీళ్ళు కోలుకోవడానికి మిగతావాళ్ళ కంటే కొంచెం ఎక్కువ వ్యవధి పట్టవచ్చు. అయినా ఎక్కువమంది బాగానే కోలుకుంటారు. ఇలాంటివాళ్ళని న్యూరో సర్జన్ ఉన్న చోటే ఉంచాలి, మన దగ్గర కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి జీజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. దగ్గరి చిన్న ఆసుపత్రి వాళ్ళు "పైకి తీసుకెళ్ళండి" అంటే వాదించకండి.

ఎమ్మారై తీయిస్తే అసలు సంగతి తేలిపోతుంది కదా?

కొంత తేలుతుంది. ట్రాక్-టీబీఐ అనే అమెరికా పరిశోధనలో సీటీ నార్మల్ వచ్చిన స్వల్ప గాయాల వాళ్ళకి ఎమ్మారై తీస్తే నూటికి 27, 28 మందిలో చిన్న చిన్న రక్తపు చుక్కలో, కమిలిన మచ్చలో కనిపించాయని 2013లో ప్రకటించారు. అంటే సీటీ దాటవేసినవి ఎమ్మారై పడుతుంది, ముఖ్యంగా ఎస్‌డబ్ల్యూఐ అనే పద్ధతిలో. కానీ ఆ చుక్క కనిపించాక చేసే వైద్యం, కనిపించకపోతే చేసే వైద్యం చాలావరకు ఒకటే. చుక్క ఉన్నవాడు పదిరోజుల్లో ఆటకి వెళ్ళిపోవడం, ఏమీ లేనివాడు నెలన్నర తల పట్టుకుని కూర్చోవడం రెండూ ఉన్నాయి.

నరాల పోగుల బొమ్మలు తీసే డీటీఐ గురించి కూడా ఎవరో ఒకరు చదివి వచ్చి అడుగుతారు. అది వందమందిని వందమందితో పోల్చే పరిశోధనకి పనికొస్తుంది, మీ ఒక్క పిల్లాడి మీద తీర్పు చెప్పేంత దూరం ఇంకా రాలేదు. దాని కోసం హైదరాబాదు, విశాఖ తిరగకండి. లక్షణాలు నెల దాటినా తగ్గకపోతేనో, ఏదైనా కొత్తగా మొదలైతేనో, సీటీకీ మనిషి పరిస్థితికీ పొంతన లేకపోతేనో ఎమ్మారై గురించి డాక్టరే చెబుతారు. రేడియేషన్ లేదు కాబట్టి భయం లేదు, కాకపోతే అరగంట ఆ చప్పుడులో కదలకుండా పడుకోవాలి.

నిద్రపోనివ్వకూడదంటారు కదా?

డాక్టరు చూసి ఇంటికి పంపాక నిద్రపోనివ్వండి. మెదడు సర్దుకోవడానికి నిద్ర కావాలి. మొదటి రాత్రి పక్కన ఒక పెద్దమనిషి పడుకుని, ఊపిరి మామూలుగా ఉందా, తడితే కదులుతున్నాడా అని చూస్తే చాలు. డాక్టరు ప్రత్యేకంగా లేపి చూడమంటే అలాగే చేయండి. అసలు డాక్టరుకే చూపించకుండా, తలనొప్పి అంటూ వాంతి చేసుకుని పడుకుంటే అది వేరే సంగతి, మొదటి ప్రశ్నకి వెళ్ళండి.

ఎన్నాళ్ళకి తగ్గుతుంది?

పెద్దవాళ్ళకి ఇంచుమించు రెండు వారాలు, పిల్లలకి నాలుగు వారాలు. పిల్లలకే ఎక్కువ పడుతుందంటే ఆశ్చర్యపోతారు. కెనడాలో 5 నుంచి 18 ఏళ్ళ వయసున్న మూడు వేల మందికి పైగా పిల్లల మీద చేసిన అధ్యయనంలో, 2016లో వచ్చింది, నూటికి సుమారు ముప్ఫై మందికి 28 రోజులు దాటినా ఏదో ఒక ఇబ్బంది మిగిలింది. ఎవరికి ఎక్కువ కాలం పట్టవచ్చో కూడా అందులో కొంత తేలింది. పదమూడు దాటినవాళ్ళు, ఆడపిల్లలు, ముందే మైగ్రేన్ ఉన్నవాళ్ళు, ఇంతకు ముందు ఇలాంటి దెబ్బ తగిలి నెమ్మదిగా కోలుకున్నవాళ్ళు, మొదటి రోజే తలనొప్పి, అలసట, చప్పుడు పడకపోవడం ఉన్నవాళ్ళు, అడిగినదానికి నిదానంగా జవాబు చెబుతున్నవాళ్ళు. గమనించారా, ఈ జాబితాలో స్కాన్ లేదు.

చీకటి గదిలో పూర్తి రెస్ట్ ఇస్తున్నాం. ఎన్ని రోజులు ఇవ్వాలి?

ఒకటి రెండు రోజులు చాలు, అదీ చీకటి గది కాదు. ఇంట్లో తిరగడం, కబుర్లు, తేలికపాటి పనులు మొదటి రోజు నుంచే చేయొచ్చు. ఐదు రోజులు కట్టడిగా పడుకోబెట్టిన కుర్రాళ్ళని, ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత మెల్లగా తిరగనిచ్చిన వాళ్ళతో 2015లో పోల్చి చూస్తే పడుకోబెట్టినవాళ్ళే ఎక్కువ బాధలు చెప్పుకున్నారు. తర్వాత ఇంకో అడుగు ముందుకేసి, బాధ పెరగనంత మేరకు రోజూ ఒంటికి కసరత్తు ఇచ్చిన ఆటగాళ్ళైన పిల్లలు సగటున 13 రోజుల్లో, ఒళ్ళు సాగదీసే తేలిక కసరత్తులు మాత్రమే చేసినవాళ్ళు 17 రోజుల్లో కోలుకున్నారని 2019లో తేలింది. మనకి దీనికి జిమ్ము అక్కర్లేదు. పొద్దున్నో సాయంత్రమో ఎండ, ఉక్క లేని వేళ గట్టు మీద ఇరవై నిమిషాల నడక చాలు, తోడు ఒకరు ఉండాలి. తలనొప్పి కొంచెం పెరిగి గంటలో తగ్గిపోతే ఫరవాలేదు, బాగా పెరిగితే రేపు తగ్గించి నడవాలి.

ఫోను సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. 12 నుంచి 25 ఏళ్ళ వాళ్ళ మీదే చేసిన పరీక్షలో మొదటి 48 గంటలు ఫోను, టీవీ, కంప్యూటరు మానేసినవాళ్ళకి సుమారు మూడున్నర రోజుల్లో తగ్గితే, మామూలుగా వాడినవాళ్ళకి ఎనిమిది రోజులు పట్టింది. రెండు రోజులు ఫోను తీసుకోండి. ఆ తర్వాత కూడా నెల రోజులు లాక్కుని పెట్టకండి, స్నేహితులతో మాట తెగిపోతే దిగులు మొదలవుతుంది.

మందులు ఏం వాడాలి? మెదడు టానిక్ రాశారు.

నొప్పికి బరువుని బట్టి పారాసిటమాల్. రక్తస్రావం లేదని డాక్టరు చెప్పేదాకా ఆస్పిరిన్, బ్రూఫెన్ జోలికి వెళ్ళకండి. పారాసిటమాల్ అయినా నెలలో సగం రోజులు మింగుతుంటే ఆ బిళ్ళే కొత్త తలనొప్పి తెస్తుంది.

మెదడు టానిక్ అని రాసేవాటిలో ఎక్కువగా ఉండేది సిటికోలిన్. తలకి దెబ్బ తగిలిన 1213 మందికి మూడు నెలలు అది గానీ ఉత్తుత్తి బిళ్ళ గానీ ఇచ్చి చూస్తే తేడా ఏమీ లేదని 2012లో తేలిపోయింది. దానికి పెట్టే డబ్బు పాలకీ గుడ్లకీ పెట్టండి అని నేనంటాను. స్కాన్ నార్మల్‌గా ఉన్నవాడికి "ముందుజాగ్రత్త" ఫిట్స్ మాత్రలు కూడా మామూలుగా అక్కర్లేదు, రాసి ఉంటే ఎందుకో అడగండి, అడక్కుండా మీరే మాత్రం ఆపేయకండి.

వంకాయ, గోంగూర పెట్టొచ్చా? తలస్నానం?

పథ్యం ఏమీ లేదు, అన్నీ పెట్టండి. కుట్లు లేకపోతే తలస్నానం చేయించవచ్చు, ఉంటే డాక్టరు చెప్పిన రోజు దాకా తడపకండి. రోడ్డు మీద గీసుకుపోయి ఉంటే టీటీ ఇంజెక్షన్ సంగతి గుర్తుచేయండి.

ఇంటర్ చదువుతున్నాడు, రెసిడెన్షియల్ కాలేజీ. సెలవు ఇవ్వనంటున్నారు.

ఇక్కడే నాకు ఎక్కువ దిగులు. తెల్లవారుజామున లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ నడిపే చోట, ట్యూబులైట్ల కింద, వందమంది గోలలో, అదిరిన మెదడుని కూర్చోబెడితే తలనొప్పి తగ్గదు, చదివింది ఎక్కదు, వారం పరీక్షలో మార్కులు పడిపోతాయి, అప్పుడు "బుర్ర పోయింది" అన్న భయం పట్టుకుంటుంది. అలాగని నెల రోజులు ఇంట్లో ఉంచడం కూడా మంచిది కాదు. రెండు మూడు రోజులు ఇంట్లో, తర్వాత పూట బడి, తర్వాత రోజంతా, ఇలా పెంచాలి. ఆటలకంటే ముందు చదువు గాడిలో పడాలి. డాక్టరు చేత చీటీలో స్పష్టంగా రాయించుకోండి. గంట చదివాక పది నిమిషాల విరామం, రాత్రి ఎనిమిది గంటల నిద్ర, రెండు వారాలు స్లిప్ టెస్టుల మినహాయింపు అని మూడు ముక్కలు. నోటి మాటకి ప్రిన్సిపాల్ ఒప్పుకోకపోయినా కాగితానికి ఒప్పుకుంటారు. స్కాన్ నార్మల్ రిపోర్టు ఒక్కటే చూపిస్తే మాత్రం "ఏం లేదు కదా" అంటారు, కాబట్టి చీటీ ముఖ్యం.

సంక్రాంతికి కబడ్డీ పోటీలున్నాయి. ఆడొచ్చా?

తలకి దెబ్బ తగిలిన రోజు మళ్ళీ బరిలోకి దిగకూడదు, ఇందులో బేరం లేదు. మొదటిది మానకముందే రెండో దెబ్బ తగిలితే, చాలా అరుదుగానే అయినా, మెదడు హఠాత్తుగా వాచి ప్రాణం పోయిన సంఘటనలు ఉన్నాయి, అవి ఎక్కువగా కుర్రాళ్ళలోనే. ముందు ఇంటి పనులు, తర్వాత నడక, తర్వాత ఒంటరిగా పరుగు, తర్వాత ఒకరినొకరు తాకని ప్రాక్టీసు, అన్ని లక్షణాలూ పోయి డాక్టరు సరే అన్నాక పట్టుకునే ప్రాక్టీసు, ఆఖరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకీ కనీసం ఒక రోజు. పోటీ తేదీని బట్టి మెట్లు దాటించకండి. చెట్టెక్కడం, కాలువలో ఈత, పడవ మీద వేటకి వెళ్ళడం కూడా ఇందులోకే వస్తాయి, నీళ్ళలో ఉండగా కళ్ళు తిరిగితే అడిగే దిక్కుండదు.

నెల దాటింది. ఇంకా తగ్గలేదు.

అప్పుడు "మెదడు ఇంకా మానలేదు" అనుకుని ఇంకో స్కాన్‌కి పరిగెత్తే ముందు, తల చుట్టుపక్కల చూడాలి. దెబ్బకి మెడ కూడా కుదుపు తింటుంది, మెడ వెనక నుంచి పైకి పాకే తలనొప్పి చాలావరకు మెడదే, మంచి ఫిజియోథెరపిస్టు దగ్గర తగ్గుతుంది. పక్కకి తిరిగి పడుకోగానే గిర్రున తిరిగితే లోపలి చెవిలో చిన్న రేణువులు జరిగి ఉండొచ్చు, దానికి మంచం మీద తలని ఒక వరసలో తిప్పే పద్ధతి ఉంది, చాలామందికి ఒకటి రెండు సార్లకే తేడా తెలుస్తుంది, ఈఎన్‌టీ డాక్టరుని అడగండి. పుస్తకం పట్టుకోగానే అక్షరాలు రెండుగా కనిపిస్తే, దగ్గరి వస్తువు మీద రెండు కళ్ళూ కలవడం లేదేమో కంటి డాక్టరు చూడాలి, చూపు పరీక్షలో 6/6 వచ్చినా ఈ లోపం ఉండొచ్చు. పాత మైగ్రేన్ నిద్రలేచి ఉండొచ్చు.

ఇంకోటి మనసు. చిరాకు, ఏడుపు, బండి చప్పుడు వింటేనే ఉలికిపాటు, నిద్ర పట్టకపోవడం. దీన్ని "లేనిపోనిది" అనకండి, మిగతావాటిలాగే దీనికీ వైద్యం ఉంది. ఊళ్ళో ఎవరికీ తెలియకుండా మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తెలివి తగ్గుతుందా? ఫిట్స్ వస్తాయా? రేపు సంబంధాలప్పుడు అమ్మాయికి ఇబ్బందా?

తెలివి సంగతి అమెరికా, కెనడాల్లో పరీక్షించి 2023లో చెప్పారు. మెదడు అదిరిన పిల్లల ఐక్యూనీ, చెయ్యో కాలో విరిగిన పిల్లల ఐక్యూనీ పోల్చితే చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటి వారాల్లో నిదానంగా ఆలోచించడం, మతిమరుపు ఉంటాయి, అవి తగ్గుతాయి. స్వల్ప గాయం తర్వాత అయిదేళ్ళలో ఫిట్స్ వచ్చేది నూటికి ఒకరి కంటే తక్కువ. ఇక సంబంధాల మాట, ఎప్పుడో బండి మీంచి పడి నెల రోజులకి మామూలైన అమ్మాయికి దాచాల్సింది గానీ తలొంచుకోవాల్సింది గానీ ఏముంది? ఆ మాట ఇంట్లో ఆ పిల్ల వినేలా అనకండి.

మళ్ళీ బండి ఎప్పుడు నడపొచ్చు?

కళ్ళు తిరగడం, తలనొప్పి పూర్తిగా పోయి, మెడ రెండు పక్కలా తిప్పి చూడగలిగి, డాక్టరు సరే అన్నాక. 18 నిండకపోతే అప్పుడు కూడా వద్దు. వెనక కూర్చునేవాళ్ళకీ హెల్మెట్ ఉండాలి, నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ చట్టం అదే చెబుతుంది. ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొని, గడ్డం కింద క్లిప్పు పెట్టుకోవాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఉంటుంది, దాన్ని పారేసి కొత్తది కొనండి.

ఆ ఫిల్ములు, రిపోర్టులు దాచాలా?

దాచండి. ఫిల్ము కంటే సీడీ గానీ, స్కాన్ సెంటర్ ఇచ్చే లింకు గానీ మేలు, మన తేమకి బీరువాలో ఫిల్ములు అతుక్కుపోతాయి. దాంతోపాటు ఒక తెల్లకాగితం మీద తేదీ, ఎలా పడ్డాడు, ఎంతసేపు స్పృహ లేదు, ఎన్ని వాంతులు, ఎన్నో రోజుకి బడికి వెళ్ళాడు, ఎప్పటికి పూర్తిగా తగ్గింది రాసి అందులోనే పెట్టండి. ఎప్పుడైనా ఇంకో దెబ్బ తగిలితే కొత్త డాక్టరు ఫిల్ము కంటే ముందు ఆ కాగితం చదువుతారు.